సొంత పేరుతో ఉన్న డొమైన్ మీద ట్రేడ్‌మార్క్ నోటీసు: పది రోజుల గడువు, ఏం జవాబివ్వాలి?

మబ్బుగూడు:

అందరికీ నమస్కారం. ఏ వివరం అవసరమో తెలియదు కాబట్టి తేదీలతో సహా రాస్తున్నాను.

డొమైన్ ముద్దుపేరుతో ఉన్న ఆరక్షరాల డాట్ కామ్. 2012 మార్చిలో కొత్తగా రిజిస్టర్ చేసింది, వేరేవాళ్ల దగ్గర కొన్నది కాదు. సైట్‌లో ఫొటోగ్రఫీ నోట్స్, గ్యాలరీ, ఒక రెజ్యూమె పేజీ ఉన్నాయి. 2020 నుంచి పక్కన ఒక యాడ్ నెట్‌వర్క్ బ్యానర్ ఉంది. కెమెరా బ్యాగుల మీద రాసిన రెండు పోస్టుల్లో అఫిలియేట్ లింకులు (వాటి ద్వారా ఎవరైనా కొంటే కమీషన్ వచ్చేవి) ఉన్నాయి.

అవతలివాళ్లది అదే పేరుతో బ్యాగులు, సూట్‌కేసులు అమ్మే కంపెనీ. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు 2017, రిజిస్ట్రేషన్ 2019, క్లాస్ 18 (బ్యాగులు, సూట్‌కేసుల వర్గం). పది రోజుల్లో డొమైన్ ఉచితంగా బదిలీ చేయాలని, లేకపోతే యూడీఆర్పీ (డొమైన్ పేర్ల వివాదాలను కోర్టు బయట తేల్చే విధానం) ఫిర్యాదు, కోర్టు, లక్ష డాలర్ల వరకు నష్టపరిహారం అని వాళ్ల లాయర్ల ఈమెయిల్. మర్నాడే ఇంకెవరిదో అడ్రసు నుంచి "డొమైన్ అమ్ముతారా, ఎంతకిస్తారు" అని ఇంకో మెయిల్.

తెలుసుకోవాల్సినవి: పది రోజులు దాటితే ఏమవుతుంది? ధర చెబితే తప్పా? ఇంట్లోవాళ్ల పేరు మీదకో, డొమైన్లు నమోదు చేసే వేరే రిజిస్ట్రార్‌కో మార్చేస్తే పోతుందా? యాడ్స్ ఇప్పుడే తీసేయాలా? లాయర్ లేకుండా ఎంతదూరం నెట్టుకు రావచ్చు?


తూనికరాయి:

మబ్బుగూడు గారూ, కంగారు పడకండి. మీ తేదీలు మీ పక్షానే ఉన్నాయి. ఇక మీ చేతులతో మీరు పాడు చేసుకోకుండా ఉంటే చాలు, ఈ వారం పని అంతే.

పది రోజుల గడువు లాయరు తన ఉత్తరంలో తానే పెట్టుకున్నది. అది దాటినంత మాత్రాన ఏ హక్కూ పోదు. అలాగని మౌనంగా ఉండొద్దు. తర్వాత ఫిర్యాదు వేస్తే "నోటీసు పంపాం, ఉలుకూ పలుకూ లేదు" అని అందులో ఒక పేరా చేరుతుంది, ఫిర్యాదును తేల్చే ప్యానలిస్టులు కొందరు దానికి విలువిస్తారు. ఏడో రోజో, ఎనిమిదో రోజో నాలుగు వాక్యాల్లో రాసి పంపండి. ఇలా:

"మీ ఉత్తరం అందింది, ఈ డొమైన్ 2012 మార్చి నుంచి నా వద్దే ఉంది, నా పేరుతో వ్యక్తిగత సైట్‌గా నడుస్తోంది. మీ ఉత్తరంలో పేర్కొన్న ట్రేడ్‌మార్క్ దరఖాస్తు తేదీ దీని తర్వాతిది. మీ క్లయింటు అంతకుముందు నుంచే ఈ పేరు వాడుతున్నట్టయితే ఆ ఆధారాలు, రిజిస్ట్రేషన్ ప్రతి పంపండి, పరిశీలించి జవాబిస్తాను. నా హక్కులన్నీ యథాతథంగా ఉంచుకుంటున్నాను."

అంతే. క్షమాపణ వద్దు, వెటకారం వద్దు, "మీ కంపెనీ పేరు ఎప్పుడూ వినలేదు" లాంటి అదనపు వాక్యమూ వద్దు. నిజంగా వినకపోయినా సరే. బ్యాగుల మీద పోస్టులు రాసినవాళ్లు ఆ మాటంటే తర్వాత దాన్నే పట్టుకుంటారు.

ధర సంగతి. ఆ రెండో మెయిలు అవతలివాళ్లే పంపి ఉండొచ్చు, నిజంగా ఎవరో కొనుగోలుదారు కూడా కావచ్చు. ఏదైనా ఇప్పుడు జవాబివ్వకండి. యూడీఆర్పీ పాలసీలో దురుద్దేశానికి ఇచ్చిన నాలుగు ఉదాహరణల్లో మొదటిదే ఇది: ట్రేడ్‌మార్క్ యజమానికో, అతని పోటీదారుకో, తన ఖర్చు కంటే ఎక్కువకు అమ్మడం ప్రధాన ఉద్దేశంగా రిజిస్టర్ చేయడం. మీరు రిజిస్టర్ చేసిన ఉద్దేశం అది కాదు, నిజమే. కానీ ప్యానెల్ మీ మనసులోకి చూడదు, కాగితం చూస్తుంది. 2003-04 లో కెనడాలో ఒక విద్యార్థి తన పేరుకు చివర ఒక ముక్క చేర్చి మైక్రోసాఫ్ట్‌లా వినిపించే డొమైన్ పెట్టుకున్నాడు. కంపెనీ లాయర్లు ఖర్చు కింద పది డాలర్లు ఇస్తామన్నారు, ఆ కుర్రాడు పది వేలు అడిగాడు. వెంటనే ఆ అంకెనే దురుద్దేశానికి సాక్ష్యంగా చూపించారు. చివరికి రాజీ అయింది, అది వేరే విషయం. "వితౌట్ ప్రెజుడిస్" (ఈ మాటలను తర్వాత నాకు వ్యతిరేకంగా వాడకూడదు) అని పైన రాసుకున్నా పెద్ద రక్షణ కాదు. ఫిర్యాదుకు ముందు సాగిన అలాంటి మెయిళ్లను యూడీఆర్పీ ప్యానెళ్లు మామూలుగా చూస్తూనే ఉంటాయి.

అన్నిటికంటే ప్రమాదం మీ మూడో ప్రశ్నలో ఉంది. ఇంట్లోవాళ్ల పేరు మీదకు మార్చారనుకోండి. డొమైన్ వేరొకరి చేతికి వెళితే మామూలుగా అది ఆ కొత్త వ్యక్తి చేసుకున్న కొత్త రిజిస్ట్రేషన్‌గా లెక్కిస్తారు. అంటే 2012 అన్న మీ తేదీ పోయి, ట్రేడ్‌మార్క్ వచ్చాక, పైగా నోటీసు అందాక, ఒకరు ఈ పేరు తీసుకున్నారు అన్న తేదీ వస్తుంది. గెలిచే కేసును ఐదు నిమిషాల్లో ఓడిపోయే కేసుగా మార్చుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. రిజిస్ట్రార్ మార్చినా యజమాని మారరు కాబట్టి తేదీ పోదు. కానీ నోటీసు వచ్చిన వారంలో మారిస్తే పారిపోతున్నట్టే కనిపిస్తుంది. మామూలు రెన్యువల్‌తో ఏ ఇబ్బందీ లేదు, అదే యజమాని రెన్యూ చేస్తే కొత్త రిజిస్ట్రేషన్ కింద రాదు.

లక్ష డాలర్ల మాట అమెరికా 1999 నాటి సైబర్‌స్క్వాటింగ్ చట్టంలోది. అక్కడి కోర్టు ఒక్కో డొమైన్‌కు వెయ్యి నుంచి లక్ష డాలర్ల వరకు వేయొచ్చు, కానీ లాభం కోసం దురుద్దేశంతో చేశారని రుజువు కావాలి. యూడీఆర్పీలో అసలు నష్టపరిహారమే లేదు. డొమైన్ బదిలీ, లేదా రద్దు, లేదా ఫిర్యాదు కొట్టివేత, ఈ మూడే. రెండూ ఒకే వాక్యంలో కలిపి రాస్తే ఉత్తరం భయంకరంగా కనిపిస్తుంది, కలిపి రాసేది అందుకే.

ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది. రిజిస్ట్రార్ అకౌంట్‌లో ట్రాన్స్‌ఫర్ లాక్, రెండంచెల లాగిన్ ఉన్నాయో లేదో చూడండి. కాంటాక్టులో ఉన్న ఈమెయిల్, ఫోన్ పనిచేసేవి కావాలి. పేరు మారకుండా చిరునామా సరిచేసుకోవచ్చు. అయితే కొందరు రిజిస్ట్రార్ల ఫారంలో పేరు గడిలో అక్షరం మారినా యజమాని మార్పు కింద నమోదవుతుంది, చూసుకుని చేయండి.


కొలబద్ద:

తూనికరాయి గారు చెప్పినదానికి కొనసాగింపుగా, ఫిర్యాదు నిజంగా పడితే ఎలా నడుస్తుందో రాస్తాను. ఇది తెలిస్తే ఇప్పుడు ఏ కాగితం దాచాలో అర్థమవుతుంది.

యూడీఆర్పీ 1999 లో ఐకాన్ (డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే సంస్థ) పెట్టిన విధానం. డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్ వంటి వాటి రిజిస్ట్రేషన్ ఒప్పందంలోనే ఉంటుంది, కొన్నప్పుడే మీరు ఒప్పుకున్నట్టు. ఫిర్యాదీ మూడు విషయాలు రుజువు చేయాలి, మూడూ చేయాలి. ఒకటి, డొమైన్ తన మార్కులా ఉంది, లేదా పొరబడేంత దగ్గరగా ఉంది. రెండు, మీకు ఆ పేరు మీద హక్కు గానీ న్యాయమైన ఆసక్తి గానీ లేదు. మూడు, మీరు దురుద్దేశంతో రిజిస్టర్ చేశారు, దురుద్దేశంతో వాడుతున్నారు కూడా.

మొదటిది వాళ్లకు వచ్చేసినట్టే అనుకోండి. పేరు పక్కన పేరు పెట్టి చూడడమే, క్లాస్ ఏదన్నది అక్కడ పట్టించుకోరు, డాట్ కామ్ అన్న తోకను వదిలేస్తారు. దాని మీద పేజీలు ఖర్చు పెట్టొద్దు. మీ బలం మూడోదాంట్లో ఉంది. అక్కడ "చేశారు, వాడుతున్నారు" అని రెండూ ఉండాలి. మార్కు హక్కు పుట్టకముందే రిజిస్టర్ అయిన డొమైన్‌ను ఆ మార్కును ఉద్దేశించి దురుద్దేశంతో తీసుకున్నారనడం మామూలుగా కుదరదు. ఇలాంటి ఫిర్యాదులు నడిపే విపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) ప్యానెళ్ల ధోరణిని కూర్చి ప్రచురించే ఓవర్‌వ్యూలో, 2017 నాటి మూడో కూర్పులో, ఈ మాట స్పష్టంగా ఉంది. దాన్ని ఉటంకించండి. మినహాయింపు ఒకటుంది: కంపెనీ రాబోతోందని, మార్కు దరఖాస్తు పడబోతోందని ముందే తెలిసి కొన్నవాళ్లు. 2012 కీ 2017 కీ మధ్య ఐదేళ్ల ఎడముంది కాబట్టి అది మీకు అంటదు.

అయితే 2017 అన్నది దరఖాస్తు తేదీ మాత్రమే, జాగ్రత్త. రిజిస్టర్ చేయకుండానే 2009 నుంచి ఆ పేరుతో బ్యాగులు అమ్ముతున్నాం అని వాళ్లు చూపిస్తే లెక్క మారుతుంది. రిజిస్టర్ కాని మార్కు మీద కూడా హక్కు ఉంటుంది, కాకపోతే అమ్మకాలు, ప్రకటనలు, ప్రజల్లో గుర్తింపు అన్నీ రుజువు చేయాలి. అందుకే ట్రేడ్‌మార్క్ రికార్డు మీరే తెరిచి చూడండి. విపో గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్, టీఎమ్‌వ్యూ రెండూ ఉచితం. మార్కు ఇప్పుడు అమల్లో ఉందా లేక గడువు తీరిందా, యజమాని పేరు ఉత్తరంలోని కంపెనీదేనా, మొదటి వాడకం అని ఏ తేదీ వేశారు, పదానికా బొమ్మతో కలిపిన లోగోకా, ఏ దేశంలో. నోటీసుల్లో ఇచ్చే నంబర్లు కొన్నిసార్లు ఇంకా దరఖాస్తు దశలోనే ఉంటాయి. దరఖాస్తు ఒక్కటే ఉంటే మొదటి మెట్టు కూడా ఎక్కలేరు.

ఇక క్యాలెండర్. ఫిర్యాదు చేరగానే కేసు నడిపే సంస్థ మీ రిజిస్ట్రార్‌కు రాస్తుంది, రిజిస్ట్రార్ రెండు పనిదినాల్లో డొమైన్‌ను లాక్ చేయాలి. లాక్ అంటే యజమానినీ, రిజిస్ట్రార్‌నూ మార్చలేరు. సైట్, మెయిల్ మామూలుగానే నడుస్తాయి. ఆ తర్వాత విచారణ మొదలైనట్టు అధికారికంగా మెయిల్ వస్తుంది. మీ 20 రోజులు ఆ తేదీ నుంచి లెక్క, ఫిర్యాదు ప్రతి మీ కంటపడిన రోజు నుంచి కాదు. ఇంకో 4 రోజులు కావాలంటే గడువు లోపల ఒక మెయిల్ పెడితే చాలు, కారణం చెప్పక్కర్లేదు, ఇచ్చేస్తారు. అంతకు మించి కావాలంటే కారణం చూపాలి, ఇస్తారన్న భరోసా లేదు. ప్యానెల్ ఏర్పడ్డాక మామూలుగా 14 రోజుల్లో తీర్పు.

ఖర్చు: విపోలో ఐదు డొమైన్ల వరకు ఏకసభ్య ప్యానెల్‌కు 1,500 డాలర్లు, అది ఫిర్యాదీయే కట్టాలి, మీకు పైసా లేదు. ముగ్గురు సభ్యులు కావాలని మీరు అడిగితే మొత్తం 4,000, అందులో సగం మీది. తేదీలు ఇంత శుభ్రంగా ఉన్న కేసుకు 2,000 పెట్టడం అవసరమా అంటే, నా లెక్కలో అనవసరం. వాళ్లు 2009 నాటి అమ్మకాల బిల్లులు పట్టుకొస్తే అప్పుడు ఆలోచించాలి.

జవాబు 5,000 పదాల లోపు, మాదిరి ఫారం విపో సైట్‌లోనే ఉంది. ఆరోపణ వారీగా జవాబు రాయాలి, ఆధారాలు అనుబంధాలుగా నంబర్లేసి జతచేయాలి, చివర ధ్రువీకరణ పేరా ఫారంలో ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. చాలామంది మర్చిపోయేది ఆ పేరానే. ఒకసారి పంపాక "ఇంకో కాగితం దొరికింది" అని మళ్లీ పంపితే తీసుకోవాలా వద్దా అన్నది ప్యానెల్ ఇష్టం. అసలు జవాబే ఇవ్వకపోతే ఓటమి ఆటోమేటిక్ కాదు గానీ, ఫిర్యాదీ చెప్పిన కథ ఒక్కటే బల్ల మీద ఉంటుంది.

ఇంకో అస్త్రం: రివర్స్ డొమైన్ నేమ్ హైజాకింగ్. ఓడిపోతామని తెలిసి కూడా డొమైన్ లాక్కోడానికి ఫిర్యాదు వేశారని ప్యానెల్ తన తీర్పులో రాయొచ్చు. జరిమానా ఏమీ ఉండదు, కానీ తీర్పులు బహిరంగంగా ఉంటాయి, కంపెనీలూ లాయర్లూ ఆ ముద్ర ఇష్టపడరు. మార్కు కంటే డొమైన్ ముందుదని మీ మొదటి జవాబులోనే చెప్పి ఉంటే, తెలిసి కూడా వేశారనడానికి ఆ మెయిలే సాక్ష్యం అవుతుంది. తూనికరాయి గారి నాలుగు వాక్యాల్లో తేదీ ఎందుకుందో ఇప్పుడు తెలిసింది కదా.


చిత్తుప్రతి:

పై ఇద్దరూ తేదీల ధైర్యం బాగా ఇచ్చారు. నేను కాస్త చల్లనీళ్లు చల్లుతాను. యాడ్స్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు.

యూడీఆర్పీలో మీరు గట్టిగానే ఉన్నారు. కోర్టులో ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన దావా వేరు. అక్కడ దురుద్దేశం రుజువు చేయక్కర్లేదు, కొనేవాళ్లు పొరబడే అవకాశం ఉందా అన్నదే ప్రశ్న. ఆ పేరుతో బ్యాగులమ్మే కంపెనీ ఉంది, అదే పేరుతో ఉన్న మీ సైట్‌లో బ్యాగుల కొనుగోలు లింకుల మీద మీకు కమీషన్ వస్తోంది. నీస్ వర్గీకరణలో (ట్రేడ్‌మార్క్ కోసం సరుకులను క్లాసులుగా విడదీసే పద్ధతి) కెమెరాకని ప్రత్యేకంగా చేసిన బ్యాగు క్లాస్ 9 కిందకు వస్తుంది, 18 కాదు, సూక్ష్మంగా చూస్తే. ఆ సూక్ష్మం మీద ఆశ పెట్టుకోవద్దు. బ్యాగు బ్యాగే అంటారు.

ఇందుకు అచ్చమైన ఉదాహరణ నిస్సాన్ డాట్ కామ్. ఇంటిపేరే నిస్సాన్ అయిన కంప్యూటర్ వ్యాపారి 1994 లో దాన్ని రిజిస్టర్ చేశాడు. 1999 లో కార్ల కంపెనీ దావా వేసింది. 2004 లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పు చూడండి: కంప్యూటర్ల సంగతి వేరు, కానీ సైట్‌లో పెట్టిన కార్ల ప్రకటనలు పొరబాటును సొమ్ము చేసుకున్నట్టే అంది. చివరకు డొమైన్ ఆయన దగ్గరే మిగిలింది, కేసు మాత్రం ఏళ్లకేళ్లు నడిచింది. ఇంటిపేరు కాపాడింది, కార్ల యాడ్ కాపాడలేదు.

కాబట్టి యాడ్స్ తీయాలి. కానీ తీసేముందు సైట్ మొత్తం ఎలా ఉందో అలా భద్రపరచండి. పేజీలన్నీ పీడీఎఫ్‌గా, తేదీ కనిపించే స్క్రీన్‌షాట్లుగా, సర్వర్ బ్యాకప్‌గా. పాత వెబ్ పేజీల ప్రతులు దాచే వేబ్యాక్ మెషిన్‌లో 2012 నుంచి ఇప్పటిదాకా ఉన్న ప్రతుల లింకులు ఏడాదికి ఒకటి చొప్పున రాసిపెట్టుకోండి. రోబోట్స్ ఫైలుతో (ఏ పేజీలు చూడొచ్చో బాట్లకు చెప్పే ఫైలు) ఆర్కైవ్‌ను అడ్డుకుంటుంటే ఇప్పుడు మాత్రం మార్చకండి, దాస్తున్నారన్న అనుమానం వస్తుంది. ఆ తర్వాత అఫిలియేట్ లింకులు తీయండి, బ్యానర్ తీయండి. పోస్టులు మాత్రం ఉంచండి. నోటీసు వచ్చాక పోస్టులే మాయమైతే దానికి సంజాయిషీ వెతుక్కోవాలి. లింకులు తీయడం తప్పు ఒప్పుకోవడం కాదు.

బ్యానర్ అంటే యాడ్ నెట్‌వర్క్ తనంతట తాను వేసేది, నా చేతిలో లేదు అనొచ్చు. ప్యానెళ్లు ఆ మాట వినవు. తన డొమైన్ మీద కనిపించేదానికి యజమానే బాధ్యుడు. ఆ బ్యానర్‌లో ఫిర్యాదీ బ్యాగుల ప్రకటనో, పోటీదారుదో ఒక్కసారి కనిపించినా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని ఉంటారు.

ముద్దుపేరు విషయం కూడా తేలిగ్గా తీసుకోవద్దు. పాలసీలో "ఆ పేరుతో సాధారణంగా తెలిసినవారు" అన్న రక్షణ ఉంది, ట్రేడ్‌మార్క్ లేకపోయినా వర్తిస్తుంది. అధికారిక గుర్తింపు కార్డులో ఉన్న పేరైతే కార్డు జతచేస్తే సరిపోతుంది. ముద్దుపేరైతే నేను చెబుతున్నాను కదా అంటే చాలదు, పక్కవాళ్లు పిలిచినట్టు కాగితం కావాలి. 2012 కు ముందువి అయితే మరీ మంచిది: ఆ పేరుతో అచ్చైన ఫొటో క్రెడిట్, పోటీ సర్టిఫికెట్, వర్క్‌షాప్ ఆహ్వానం, పాత ఫోరం ప్రొఫైల్, వేరేవాళ్లు ఆ పేరుతో సంబోధించిన ఈమెయిల్. ప్రతి దాని మీదా తేదీ ఉండాలి.

అన్నట్టు, ఆ కోపంలో సైట్‌ను వాళ్ల కంపెనీ మీద విమర్శల పేజీగా మార్చాలన్న ఆలోచన వస్తే ఒక రాత్రి నిద్రపోండి. నోటీసుకు ముందు ఏం చేశారన్నదే లెక్క.


మబ్బుగూడు:

ఇంత వివరంగా చెప్పినందుకు ముగ్గురికీ ధన్యవాదాలు. రికార్డు చూశాను. మార్కు అమల్లోనే ఉంది, పదానికే, మొదటి వాడకం 2016 అని వేశారు. 2012 ఇన్వాయిస్ పాత మెయిల్‌లో దొరికింది.

ఇంకో మూడు సందేహాలు. డొమైన్ ఐదు నెలల్లో ఎక్స్‌పైర్ అవుతుంది, ఇప్పుడు రెన్యూ చేయొచ్చా? డొమైన్ యజమాని వివరాలు చూపే హూఈజ్‌లో ప్రైవసీ సర్వీస్ పేరు ఉంది, నోటీసు నాకు ఎలా చేరుతుంది? ఒకవేళ అలసిపోయి ఇచ్చేద్దామనుకుంటే మర్యాదగా ఎలా ఇవ్వాలి?


తూనికరాయి:

2016 అని వాళ్లే రాసుకున్నారా! ఆ పేజీని తేదీతో సహా పీడీఎఫ్ తీసి పెట్టండి. అనుబంధం 1 అదే. ఇన్వాయిస్ అనుబంధం 2. హూఈజ్‌లో కనిపించే క్రియేషన్ డేట్ ఒక్కటే చాలదని గుర్తుంచుకోండి, డొమైన్ ఎప్పుడు పుట్టిందో అది చెబుతుంది గానీ మీ చేతికి ఎప్పుడు వచ్చిందో చెప్పదు. ఇన్వాయిస్ ఆ రెండూ కలుపుతుంది. రిజిస్ట్రార్ అకౌంట్‌లో ఆర్డర్ హిస్టరీ ఉంటే అదీ తీయండి.

రెన్యూవల్ ఇప్పుడే చేయండి, లాక్ ఉన్నా చేయొచ్చు. వివాదం నడుస్తుండగా డొమైన్ ఎక్స్‌పైర్ అయితే, అదే ధరకు తాను రెన్యూ చేసుకునే అవకాశం ఫిర్యాదీకి ఐకాన్ నిబంధనల్లోనే ఉంది. ఆటో రెన్యూ పెట్టి ఊరుకోకండి, కార్డు గడువు తీరి ఫెయిలయ్యే ఆటో రెన్యూలే ఎక్కువ.

ప్రైవసీ సర్వీస్ ఉండడం దానంతట అది తప్పు కాదు. ఫిర్యాదు పడగానే అసలు యజమాని వివరాలను మీ రిజిస్ట్రార్ కేసు నడిపే సంస్థకు ఇచ్చేస్తుంది, నోటీసు ఆ ఈమెయిల్‌కు వస్తుంది. అవి తప్పుడు వివరాలైతే అదే ఇంకో ఆరోపణ అవుతుంది. నోటీసు మీ డొమైన్‌లోని పోస్ట్‌మాస్టర్ అడ్రసుకు కూడా పంపుతారు, నిబంధన అది. ఆ పేరుతో మెయిల్‌బాక్స్ లేకపోతే ఇప్పుడే పెట్టి మీరు రోజూ చూసే ఇన్‌బాక్స్‌కు ఫార్వర్డ్ చేయండి. అనుబంధాలు బరువుగా ఉంటాయి కాబట్టి స్పామ్ ఫోల్డర్, మెయిల్‌బాక్స్ లో ఖాళీ ఉందో లేదో కూడా చూసుకోండి.

హోస్టింగ్ కంపెనీకి కూడా వాళ్లు ఫిర్యాదు పంపొచ్చు. కాపీరైట్ నోటీసుకైతే కౌంటర్ నోటీసు అన్న పద్ధతి అమెరికా చట్టంలో ఉంది, ట్రేడ్‌మార్క్‌కు అలాంటిది లేదు. హోస్ట్ భయపడి సైట్ ఆపేస్తే మర్నాడు వేరేచోట లేపడానికి బ్యాకప్ ఉండాలి. డీఎన్ఎస్ (డొమైన్ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే రికార్డులు) హోస్ట్ దగ్గరే ఉంటే రికార్డుల ప్రతి కూడా తీసుకోండి, ముఖ్యంగా మెయిల్ రికార్డులు.


కొలబద్ద:

ఇచ్చేయడం గురించి. అలసట వల్లయినా సరే, లాయరు ఉత్తరానికి జవాబుగా ఆథ్ కోడ్ (డొమైన్ బదిలీకి కావాల్సిన రహస్య కోడ్) పంపేసి చేతులు దులుపుకోవద్దు. రాతపూర్వకంగా ఉండాల్సినవి ఉన్నాయి.

మొదటిది మీ ఈమెయిల్. ఆ డొమైన్ మీద ఉన్న అడ్రసుతో ఎన్ని అకౌంట్లు తెరిచారో జాబితా వేయండి: బ్యాంకు, క్లౌడ్, సోషల్ మీడియా, చివరకు రిజిస్ట్రార్ అకౌంట్ కూడా. డొమైన్ చేతులు మారిన క్షణం నుంచి కొత్త యజమాని ఏ అడ్రసుకైనా మెయిల్‌బాక్స్ పెట్టుకోగలడు, మీ పాస్‌వర్డ్ రీసెట్ లింకులు అతనికి వెళ్తాయి. అన్నీ మార్చాకే బదిలీ. దానికి 60 నుంచి 90 రోజులు అడగండి. ఇది అడిగితే దురుద్దేశం అనరు, ఏ లాయరూ దీన్ని కాదనడం కష్టం. కుదిరితే బదిలీ తర్వాత ఏడాదిపాటు మీ ఒక్క అడ్రసుకు వచ్చే మెయిల్ ఫార్వర్డ్ చేయాలని, పాత లింకులు కొత్త సైట్‌కు మళ్లించాలని రాయించండి. మళ్లింపు ఒప్పుకోకపోతే కనీసం "ఈ వ్యక్తి సైట్ ఇప్పుడు ఫలానా చోట ఉంది" అన్న ఒక పేజీ.

ఒప్పందంలో మీరు తప్పు ఒప్పుకున్నట్టు ఉండకూడదు. వాళ్లు ఈ డొమైన్ గత వాడకం మీద ఇక ఏ దావా వేయరన్న విడుదల వాక్యం ఉండాలి, రెండు పక్షాల సంతకాలు ఉండాలి. మీరు సైట్ మార్చుకునే ఖర్చు ఇస్తామంటే, ఆ అంకె ముందు వాళ్ల నోటి నుంచే రానివ్వండి. డబ్బు ఎస్క్రో (బదిలీ పూర్తయ్యేదాకా సొమ్మును మూడో పక్షం పట్టి ఉంచే పద్ధతి) ద్వారా రావాలి, డొమైన్ వెళ్లాక కాదు. ఒకే రిజిస్ట్రార్ లోపల అకౌంట్ నుంచి అకౌంట్‌కు పుష్ చేయడం అన్నిటికంటే శుభ్రం. యజమాని మారాక వేరే రిజిస్ట్రార్‌కు తరలించడానికి చాలాచోట్ల 60 రోజుల ఆంక్ష పడుతుంది. వాళ్లకు ఇది ముందే చెబితే తర్వాత గొడవ ఉండదు.

ఇచ్చేయడానికీ పోరాడడానికీ మధ్య ఇంకోటి ఉంది, నాకైతే మీ కేసుకు అదే సరిపోయేలా ఉంది. డొమైన్ మీ దగ్గరే ఉంటుంది. మీరు బ్యాగులు, సూట్‌కేసులు అమ్మం, వాటి ప్రకటనలు వేయం, పై భాగంలో "ఫలానా కంపెనీతో సంబంధం లేదు" అని ఒక వాక్యం పెడతాం అంటారు. వాళ్లు మీ వ్యక్తిగత వాడకాన్ని ప్రశ్నించం అంటారు. రెండు పేజీల సహజీవన ఒప్పందం. ఒకవేళ ఎప్పుడైనా అమ్మదలిస్తే ముందు వాళ్లకు చెబుతానన్న షరతు పెట్టమంటారు. అందులో ధర మాట మాత్రం ఉండకూడదు.

ఫిర్యాదు వేశాక కూడా రాజీకి దారి ఉంది. ఇద్దరూ ఒప్పుకుంటే విచారణ కొన్ని వారాలు ఆపుతారు. విపోలో ప్యానెల్ నియామకానికి ముందే ముగిస్తే ఫిర్యాదీకి 1,500 లో 1,000 డాలర్లు వెనక్కి వస్తాయి. అంటే జవాబు దాఖలు చేసిన మర్నాడు వాళ్లకు రాజీ మీద ఆసక్తి సహజంగానే ఎక్కువ.


చిత్తుప్రతి:

లాయర్ ప్రశ్న మిగిలిపోయింది. మొదటి ఉత్తరానికి జవాబు, ఆధారాల కూర్పు మీరే చేయొచ్చు. యూడీఆర్పీ జవాబు కూడా మీ తేదీలతో సొంతంగా రాయగలిగిందే, ఒకసారి డొమైన్ కేసులు తెలిసినవారికి చూపించండి. డొమైన్ కేసులు అన్నాను, మామూలు ట్రేడ్‌మార్క్ లాయర్ అనలేదు. ఒప్పందం మీద సంతకానికి ముందు తప్పకుండా చూపించాలి. కోర్టు సమన్లు వస్తే ఆ రోజే వెళ్లాలి.

యూడీఆర్పీలో ఓడిపోతే కూడా పదో పనిదినం దాకా డొమైన్ కదలదు. ఆ లోపు మీరు కోర్టులో దావా వేసి, కాగితం రిజిస్ట్రార్‌కు ఇస్తే బదిలీ ఆగుతుంది. ఏ కోర్టు అన్నది ఫిర్యాదులోనే ఉంటుంది, రిజిస్ట్రార్ ప్రధాన కార్యాలయం ఉన్నచోటో, మీ రిజిస్ట్రేషన్ చిరునామా ఉన్నచోటో. ఫిర్యాదు అందిన రోజే ఆ పేరా వెతికి గుర్తు పెట్టుకోండి, తీర్పు వచ్చాక వెతకడానికి పది రోజులు చాలవు.

ఇవన్నీ డాట్ కామ్ లాంటి వాటికి. ఇదే పరిస్థితిలో దేశాల తోకలున్న డొమైన్ పట్టుకుని ఇది చదువుతున్నవాళ్లుంటే జాగ్రత్త. డాట్ ఇన్, డాట్ ఏయూ పాలసీల్లో దురుద్దేశంతో రిజిస్టర్ చేయడం, వాడడం అన్న రెంటిలో ఒకటి ఉన్నా చాలు. డాట్ యూకే ది మళ్లీ వేరే పద్ధతి. అక్కడ 2012 నాటి రిజిస్ట్రేషన్‌కు కూడా 2020 నాటి అఫిలియేట్ లింకు ముప్పు తేగలదు. కొత్త తరం తోకలు, అంటే డాట్ షాప్, డాట్ ఆన్‌లైన్ వంటి వాటి మీద యూఆర్‌ఎస్ అనే వేగపు పద్ధతి ఒకటి కూడా ఉంది. జవాబుకు 14 రోజులే, డొమైన్ లాక్కోరు గానీ సైట్ నిలిపేస్తారు.


మబ్బుగూడు:

పోస్ట్‌మాస్టర్ మెయిల్‌బాక్స్ పెట్టాను, రెన్యువల్ అయింది, బ్యాకప్ తీశాక అఫిలియేట్ లింకులు రెండూ, బ్యానర్ తీసేశాను. ధర అడిగిన మెయిల్‌కు జవాబివ్వలేదు. నాలుగు వాక్యాల జవాబు ఎనిమిదో రోజు వెళ్తుంది. అందులో 2016 ప్రస్తావన ఇప్పుడే పెట్టాలా, వాళ్ల చేత ఆధారాలు పంపించుకున్నాక పెట్టాలా?


తూనికరాయి:

ఇప్పుడే పెట్టండి. "మీ రిజిస్ట్రేషన్ రికార్డులోనే మొదటి వాడకం 2016 అని ఉంది" అని ఒక్క వాక్యం, నంబరుతో. దాచి తర్వాత తీస్తే తీర్పులో మీకు అదనంగా ఒరిగేదేమీ లేదు. ఇప్పుడు చెబితే ఆ లాయరు తన క్లయింటుకు 1,500 డాలర్లు కట్టమని చెప్పేముందు ఒకసారి ఆలోచిస్తాడు.